ఏ నరం?

సమాధానం అనే కాంపౌండరుకు తెలుగు భాషలో పగ ఉన్న మాట ఒక్కటే. నరం.

వాకాడు నుంచి సముద్రానికి పోయే దారిలో, స్వర్ణముఖికి ఇవతల, ఒక పెంకుటింట్లో నడిచే చిన్న వైద్యశాలలో అతను పదహారేళ్ళు పనిచేశాడు. చివరి ఎనిమిదేళ్ళూ, ఎవరైనా వచ్చి "నరం పట్టిందయ్యా" అన్నా, "నరం లాగతా ఉండాది" అన్నా, చేతిలో పని ఆపేసి "ఏ నరం?" అని అడిగేవాడు. "నెత్తురు పారేదా, వేలిని లాగేదా, నిప్పు తగిలితే మంట అని చెప్పేదా?" వచ్చినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. "పేరేమో సమాధానం, నోరు తెరిస్తే ప్రశ్నలు" అని బయట బల్లమీద కూర్చున్నవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. తర్వాత అతను వాళ్ళ వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని, "ఇది వంచు. ఇప్పుడు ఇది. ఈ కణుపు దగ్గర" అనేవాడు. మోకాలు చెక్కుకుపోయి వచ్చినవాడి చేతివేళ్ళు కూడా వంచి చూసేవాడు. అందుకని అతనికి వంచయ్య అని ఇంకో పేరు వచ్చింది. ఆ పేరు పెట్టింది చెంచమ్మ. పెట్టే హక్కు ఆమెకే ఉంది.

చెంచమ్మది ఏటి అవతల పట్టపుపాళెం. మొగుడు మునెయ్య సముద్రం మీదికి పోతే, ఆమె ఇంటి ముందు పందిట్లో కూర్చుని వలలు అల్లేది. వెదురు సూదికి నూలు దారం చుట్టి, ఎడమచేత్తో వల కన్ను పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో ముడిని ఒక్క నొక్కు నొక్కి బిగించేది. ఆ నొక్కులోనే ఆమె పనితనమంతా ఉంది. ఆమె వేసిన ముడి ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి నానినా జారేది కాదు. పక్క పాళేల వాళ్ళు కూడా దారం తెచ్చి ఆమె దగ్గర పడేసి పోయేవాళ్ళు. ఆమె అత్త పిచ్చమ్మ, ఎవరినీ మెచ్చుకోని మనిషి, "మా కోడలికి వంట రాదుగానీ, అది ముడేస్తే యముడు కూడా విప్పలేడు" అనేది.

యాభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో ఒక పొద్దున, కత్తిపీట మీద వంజరం చేప తల కోస్తుంటే చెంచమ్మ చెయ్యి జారింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో, లోపలివైపు, అంగుళం గాటు పడింది. పసుపు అద్దిన గుడ్డ చుట్టుకుని, అత్తను వెంటబెట్టుకుని, ఎండిన ఏటి ఇసకలో నడిచి వచ్చింది. డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు. ఆ రోజు కాదు. సమాధానం ఒక్కడే ఉన్నాడు.

గుడ్డ విప్పి, కడిగి, గాటు విడదీసి చూశాడు.

"నరం తెగిందా అయ్యా?" అని అడిగింది పిచ్చమ్మ.

పని నేర్చుకున్న రోజుల్లో మణికట్టు దగ్గర నరం తెగిన మనిషిని అతను చూశాడు. నెత్తురు పిచికారీ కొట్టినట్టు గోడమీదికి ఎగిరింది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. నెత్తురు నెమ్మదిగా ఊరుతోందంతే. లోపల బియ్యపుగింజంత తెల్లటిది ఏదో కనబడి మళ్ళీ దాగింది. కొవ్వనుకున్నాడు.

"తెగలేదు పిచ్చమ్మా. దేవుని దయ."

అయిదు కుట్లు వేశాడు. అతని కుట్టు సన్నగా, ఎగుడుదిగుడు లేకుండా ఉండేది. చెంచమ్మ పళ్ళు బిగించి, చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

"బాగా ఏసినావయ్యా. మా పాళేనికి వచ్చెయ్. రోజుకు రెండు బారల వల అల్లతావు."

ఆ మాట విని సమాధానం పొంగిపోయాడు. ఆ సాయంత్రం, బడిలో పాఠాలు చెప్పి వచ్చిన భార్య ఏసుమణికి కూడా చెప్పుకున్నాడు.

పదిరోజులకు కుట్లు విప్పాడు. పుండు చక్కగా మానింది. బొటనవేలి చివరి కణుపు మాత్రం వంగలేదు. వాపు అన్నాడు. వేడినీళ్ళలో పెట్టమన్నాడు. ఇంకో పదిరోజులకు వాపు లేదు, నొప్పి లేదు, వేలు మాత్రం ఆకాశం చూపిస్తున్నట్టు నిటారుగా ఉంది.

"వంచు చెంచమ్మా. గట్టిగా."

"వంచతానే ఉండా అయ్యా. ఇట్టా కాదు." ఆమె మాట కోసం కాసేపు వెతుక్కుంది. "పెద్ద చేప గాలాన్ని తెంపుకోని పోయినాక తాడు లాగితే ఎట్టుంటాది? లాగతా ఉంటే ఊరికే వస్తా ఉంటాది. బరువుండదు. అవతల ఏం లేదు. అట్టుండాది."

వాళ్ళు వెళ్ళిపోయాక సమాధానం తన పాత నోటుపుస్తకం పెట్టెలోంచి తీశాడు. చెయ్యి బొమ్మ ఉన్న పేజీ దొరికింది. ముంజేతి కండల్లోంచి తెల్లటి తాళ్ళు బయలుదేరి, మణికట్టు దాటి, ఒక్కొక్క వేలికి ఒక్కొక్కటి పోయి ఎముకను పట్టుకున్నాయి. అప్పట్లో తానే ఎంతో శ్రద్ధగా గీసిన బొమ్మ. పక్కన తన చేతిరాతే: "ఇవి తెల్లగా ఉండును. తెగినను రక్తము అంతగా రాదు."

పిచ్చమ్మ అడిగింది ఈ తాడు గురించి. తను జవాబు చెప్పింది నెత్తురు గొట్టం గురించి. తెలుగులో రెండూ నరాలే. తెగిన తాడు కొస తెల్లగా బయటికి వచ్చి కనబడితే, దాన్ని చర్మం కింద పెట్టి, పైన అందంగా కుట్టేశాడు.

రెండు రోజులు మోకాళ్ళమీద ప్రార్థన చేస్తూ గడిపాడు. మూడోరోజు ఏసుమణి, "ఆ పిల్లకు చెప్పిరండి. చెప్పకుండా ఇట్లా ప్రార్థన చేస్తే అది ప్రార్థన కాదు" అంది.

వెళ్ళి చెప్పాడు. పందిట్లో ముగ్గురూ ఉన్నారు. మునెయ్య లేచి నిలబడ్డాడు, మళ్ళీ ఏమనుకున్నాడో కూర్చున్నాడు. చెంచమ్మ వేలివైపు చూసుకుంటూ, "అయితే తెగిందంటావు" అని మాత్రం అంది. చివరికి పిచ్చమ్మే మాట్లాడింది.

"తప్పు నీదొక్కడిదేనా అయ్యా. రెండిటికీ ఒకటే పేరు పెట్టినోళ్ళది కూడా. మా చేపలకైతే పిల్లదానికో పేరు, పెద్దదానికో పేరు. మనిషి ఒంటికాడికి వచ్చేతలికి మా పెద్దోళ్ళకు పేర్లు అయిపోయినాయి."

ముగ్గురినీ వెంటబెట్టుకుని కోట మీదుగా గూడూరు పోయి, అక్కడ రైలెక్కి, సమాధానం నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. శస్త్రచికిత్స చేసే డాక్టరు కరుణాకుమారి గారు. మాట కరుకుగా ఉండేదిగానీ ఓపిక మనిషి. వేలు పట్టుకుని చూసి, జరిగింది సమాధానం నోట విని, అతన్ని ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

"కండ లాగుతుంది, ఎముక కదులుతుంది. మధ్యలో ఈ తాడు," అంది చెంచమ్మతో. "పుస్తకాల్లో స్నాయుబంధనం అంటారు. ఒళ్ళంతా ఇలాంటి కట్టుబళ్ళే ఉంటాయమ్మా. చర్మానికీ కండకీ మధ్య, కండ చుట్టూ, ఎముకకీ ఎముకకీ మధ్య. అవి లేకపోతే మనిషి ఎముకలొకచోట, మాంసమొకచోట కుప్పపడతాడు. నీ తాడు తెగి పైకి జారిపోయింది. ఇప్పుడు కొసలు కలపలేం. ఇంకోచోటి నుంచి తాడు తీసి వెయ్యాలి. చిటికెనవేలూ బొటనవేలూ కలిపి, మణికట్టు ఇట్లా లోపలికి వంచు."

చెంచమ్మ వంచింది. డాక్టరు మణికట్టు మధ్యలో తడిమి చూసింది. రెండో చెయ్యి కూడా అడిగింది.

"లేదు."

"ఏం లేదమ్మా?" అన్నాడు సమాధానం.

"చాలామందికి ఇక్కడొక సన్నటి తాడు ఉంటుంది. తీసేసినా చేతికి నష్టం ఉండదు. మేం దాన్నే వాడుకుంటాం. కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఈమెకు రెండు చేతుల్లోనూ లేదు."

సమాధానం తనకు తెలియకుండానే తన చిటికెనవేలూ బొటనవేలూ కలిపి మణికట్టు వంచాడు. వింటినారి బిగించినట్టు ఒక తాడు నిటారుగా లేచి నిలబడింది. దానివైపు చూశాడు. ఆ చేతిని అలాగే డాక్టరు ముందు బల్లమీద పెట్టాడు.

"నాది తీసుకోండమ్మా."

"సమాధానంగారూ..."

"నాకు నష్టం లేదని మీరే అన్నారు. రెండు చేతుల్లోనూ ఉంది. రెండూ తీసుకోండి."

పిచ్చమ్మ అతన్ని మోచేత్తో పక్కకు నెట్టి తన చెయ్యి పెట్టింది. ఎండిన ఆ మణికట్టులో తాడు ఇంకా ఎత్తుగా లేచింది. "ఆయనది మందులు కలిపే చెయ్యి, మెత్తనిది. నాది తియ్యండి. ముసిలిదే గానీ అరవయ్యేళ్ళు వల లాగిన తాడు. తెగదు." వెనకనుంచి మునెయ్య కూడా చెయ్యి చాపాడు. బల్లమీద మూడు చేతులు, మూడు తాళ్ళు లేచి నిలబడి ఉన్నాయి. చెంచమ్మకు మొదటిసారి ఏడుపొచ్చింది.

"ఒకరిది ఇంకొకరి ఒంట్లో నిలవదు," అంది కరుణాకుమారి గారు. "ఒళ్ళు ఒప్పుకోదు. చేతులు తీసెయ్యండి. ఈమె పిక్కలో వెతుకుతాను."

"బిడ్డను దత్తు ఇస్తే నిలస్తాది," అంది పిచ్చమ్మ, చెయ్యి తియ్యకుండా. "నరం నిలవదంటావా తల్లీ?"

పుండు చోటు మెత్తబడాలని కార్తీకం దాకా ఆగమన్నారు. కార్తీకంలో పిక్కలోంచి సన్నటి తాడు తీసి బొటనవేలికి వేశారు. ఆ రోజు సమాధానాన్ని లోపల నిలబడనిచ్చారు. తెల్లగా, తడిగా మెరిసే ఆ తాడును వంగి చూశాడు. మొన్న వేసవిలో తను కొవ్వనుకున్నది ఇలాంటి తాడునే.

"ఇరవయ్యొకటో రోజున కట్టు విప్పి, అప్పటినుంచి రోజూ వేలు ఆడించాలి," అంది డాక్టరు. "అది ముఖ్యం. తెగినచోట మాన్పేందుకు ఒళ్ళు జిగురు లాంటి కొత్త నార అల్లుతుంది. ఆ నారకు ఎక్కడ ఆగాలో తెలియదు. తాడును చుట్టూ ఉన్నవాటికి కూడా అతికించేస్తుంది. ముందే కదిపితే తాడు తెగుతుంది. ఆలస్యం చేస్తే అతుక్కుపోతుంది. ఇక్కడే ఉంచేస్తే మంచిది."

"నేను చూసుకుంటానమ్మా," అన్నాడు సమాధానం. "ఇరవయ్యొకటో రోజు నా చేత్తో విప్పుతాను."

అతని ముఖం చూసి ఆమె ఒప్పుకుంది. ఇంటికి పోయేటప్పుడు ఏటి ఒడ్డున ఆగి అతను ముగ్గురికీ మరీమరీ చెప్పాడు. "నేను వచ్చేదాకా కట్టు ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరు చెప్పినా సరే. నేను వచ్చి విప్పాలి."

"ఏసుప్రభువు వచ్చి విప్పమన్నా విప్పంలే," అంది పిచ్చమ్మ.

పద్దెనిమిదో రోజున వాయుగుండం పట్టింది. స్వర్ణముఖి రెండు గట్లూ ఒరుసుకుని పారింది. ఇరవయ్యొకటో రోజున సమాధానం ఒడ్డుకు పోయి, ఎర్రనీళ్ళు, కొట్టుకుపోయే తాటిదూలాలు చూస్తూ వానలో నిలబడ్డాడు. పడవవాడు పోలేరయ్య దణ్ణం పెట్టి, "నన్ను చంపొద్దయ్యా" అన్నాడు. మర్నాడూ పోయాడు. ఆ మర్నాడూ. ఒడ్డున నిలబడి అవతలికి కేకలు వేశాడు, "విప్పెయ్యండీ! కట్టు విప్పెయ్యండీ!" అని. గాలి ఆ కేకను ఏటి మధ్యదాకా కూడా పోనివ్వలేదు. నాలుగోనాటికి అతనికి చలిజ్వరం వచ్చింది. అది టైఫాయిడు అయింది. మూడు వారాలు తెలివి వచ్చీ రాకుండా పడి ఉన్నాడు. ఏసుమణి మందులతో, బడితో, అతని పలవరింతతో సతమతమవుతోంది. "విప్పండి, విప్పండి" అంటుంటే ఒంటిమీద దుప్పటి గురించి అనుకుని దాన్ని తీసేసేది.

అవతల పాళెంలో, నీళ్ళు తగ్గిన తర్వాత కూడా, అయ్య జ్వరంతో పడి ఉన్నాడని పోలేరయ్య చెప్పినా, వాళ్ళు అతని మాట నిలబెట్టారు. వేలు లోపల కొయ్యబారుతోందని చెంచమ్మ చెప్పింది. మునెయ్య కట్టు కోసేస్తానని కత్తి తీశాడు. పిచ్చమ్మ గుమ్మానికి అడ్డం పడుకుంది. "మొన్న తొందరపడే నరం తెగిందో లేదో చూడకుండా కుట్టించుకున్నాం. ఇప్పుడు తొందరపడితే ఆయన మొగం చూసేదానికి లేదు. ఆయన వస్తాడు. వస్తానన్నాడు."

నలభై ఎనిమిదో రోజున సమాధానం కర్ర పట్టుకుని, ఎముకల గూడులా వచ్చాడు. కట్టు విప్పాడు. వేలు ఎండుచేపలా ఉంది.

"వంచమ్మా."

ఇప్పుడు తాడు తెగలేదు. చెంచమ్మ లాగితే అవతల బరువు ఉంది. రాయి కింద ఇరుక్కున్న వలలాగా ఆ బరువు కదలలేదు. ఆమె లాగిందని అతనికి ముంజేతి కండ పొంగినప్పుడే తెలిసింది.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళి, శివరాత్రి వెళ్ళి, ఎండలు ముదిరేదాకా అతను రోజూ ఏరు దాటాడు. వెచ్చటి ఇసకలో చెయ్యి పూడ్చి, నూనె రాసి, వేలు పట్టుకుని, "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనేవాడు. వేలు వెంట్రుకవాసి కూడా వంగలేదు. నెల్లూరులో చూపిస్తే, కోసి విడదీయొచ్చుగానీ మళ్ళీ అతుక్కోదని మాట ఇవ్వలేనంది డాక్టరు. చెంచమ్మ ఇంటికి పోదామంది.

"చాలయ్యా," అంది ఆ వైశాఖంలో, అతని చేతిలోంచి తన చెయ్యి తీసుకుంటూ. "నన్ను వంచమని చంపతావేంది. వంచు, వంచు. వంచయ్యా నువ్వు." తన మాటకు తనే నవ్వింది. పందిట్లో వాళ్ళందరూ నవ్వారు. సమాధానం నవ్వలేకపోయాడు.

ఆమె చూపుడువేలికీ నడివేలికీ మధ్య సూది ఇరికించుకుని అల్లడం నేర్చుకుంది. ముడి పడేది, బిగిసేది కాదు. రెండు వలలు సముద్రంలో విడిపోయాక దారం తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మబోయింది. అరవై నాలుగు, అరవై అయిదులో నైలాను వలలు వచ్చాయి. ఒకరోజు వైద్యశాల ముందు తట్ట దించి, "ఇప్పుడు వేలు వంగినా పనిలేదులే అయ్యా, నువ్వు నిదరపో" అంది. అతన్ని ఓదార్చాలనే అంది. ఆ మాటతో అతనికి నిద్రపట్టడం పూర్తిగా పోయింది. వచ్చిన ప్రతి మనిషి వేళ్ళూ వంచి చూసే అలవాటు మాత్రం ముదిరింది. ఆ ఎనిమిదేళ్ళలో ముగ్గురికి తాడు తెగిందని ఆ రోజే పట్టుకుని నెల్లూరు పంపాడు. ముగ్గురి వేళ్ళూ వంగాయి. వాళ్ళు కృతజ్ఞత చెప్పబోతే విసుక్కునేవాడు.

అరవై ఏడు ఎండాకాలంలో, సీసాలో మందు కలుపుతుండగా సీసా జారి పగిలింది. తీయబోతే చెయ్యి రాలేదు. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది. అతనికి నలభై అయిదేళ్ళు నిండలేదు.

మంచంలో ఉన్నాడు. అన్నీ వినబడుతున్నాయి. కొత్తగా వచ్చిన డాక్టరు క్రీస్తుదాసు కళ్ళలోకి దీపం వేసి చూసి, ఏసుమణితో, "నరం చిట్లిందమ్మా" అన్నాడు.

ఏ నరం, అని అడగాలనుకున్నాడు సమాధానం. నాలుక చెక్కముక్కలా పడి ఉంది. ఏ నరం? అడగండి ఎవరైనా. ఏసుమణి కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. గుమ్మం దగ్గర చేపలవాసన వచ్చింది.

"ఏ నరమయ్యా?" అంది చెంచమ్మ.

డాక్టరు తిరిగి చూశాడు.

"నెత్తురు పారేదా, లాగేదా, చెప్పేదా?"

"నెత్తురుదే," అన్నాడు డాక్టరు ఆశ్చర్యంగా. "మెదడులో."

"మరి చేతికేమైంది?"

"చేతికేం కాలేదమ్మా. చేతిలో తాళ్ళన్నీ బాగున్నాయి. పైనుంచి చెప్పేది పోయింది."

చెంచమ్మ వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. అతని కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నెల్లూరులో బల్లమీద పెట్టిన చెయ్యి. దాని చిటికెనవేలూ బొటనవేలూ తెచ్చి తానే కలిపింది. మణికట్టు లోపలికి వంచింది. ఆ రోజు వింటినారిలా లేచిన చోటును తన నిటారు బొటనవేలితో నొక్కి వెతికింది. అక్కడ మెత్తగా ఉంది. ఏమీ లేవలేదు.

"వంచయ్యా," అంది.

అతను లాగాడు. ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి లాగాడు. తాడు ఊరికే వచ్చేస్తోంది. బరువు లేదు. అవతల ఏమీ లేదు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పింది చెవితో విన్నాడుగానీ, అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఈ సంగతి ఆమెకు చెప్పాలని ఉంది. ఎడమకంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి.

ఆమె కొంగుతో తుడిచింది. చెయ్యి వదల్లేదు.

"ఇంకొక్క తూరి అయ్యా," అంది. "ఇంకొక్క తూరి."